అనలైజర్‌లో ఈవెంట్ ట్రిగ్గర్: డిప్ విలువ ఎంత పెట్టాలె?

జమ్మికుంట_ప్యానెల్: రైస్ మిల్లు, 415 వోల్టుల ప్యానెల్. పాలిషర్ డ్రైవ్ (మోటర్ వేగం నడిపే పెట్టె) అండర్‌వోల్టేజ్ (వోల్టేజ్ తక్కువ) చూపించి ఆగుతున్నది. పవర్ క్వాలిటీ అనలైజర్‌ల (వోల్టేజ్, కరెంట్ రికార్డ్ చేసే మీటర్‌ల) 10 నిమిషాల వోల్టేజ్ సగటు మంచిగనే ఉన్నది. 10 సెకన్లకు తగ్గించినా ఏం దొరకలే. వోల్టేజ్ పడ్డప్పుడే రికార్డ్ చేసే ఈవెంట్ ట్రిగ్గర్ ఎట్ల పెట్టాలె?

రిలే_హన్మకొండ: సగటులో అది దొరకదు. 5 సైకిళ్ల డిప్ (కాసేపు వోల్టేజ్ పడిపోవడం) అంటే 100 మిల్లీసెకన్లు. వోల్టేజ్ సగానికి పడ్డా 10 సెకన్ల సగటు 2 వోల్టులు కూడా తగ్గదు. ఇంటర్వెల్ తగ్గించుకుంటూ పోవడం దండగ. అర సైకిల్‌కోసారి లెక్కకట్టే ఆర్‌ఎంఎస్ (వోల్టేజ్ ప్రభావ విలువ) మీద ట్రిగ్గర్ పెట్టండి.

ముందు నామినల్ (మామూలుగా ఉండాల్సిన వోల్టేజ్) చూడండి. కనెక్షన్ స్టార్‌లో (ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య) ఉంటే నామినల్ 240. అక్కడ 415 ఇస్తే ఉన్న వోల్టేజ్ 58 శాతంగా కనబడుతుంది. వోల్టేజ్ లీడ్లు తగిలించగానే మొదలైన ఈవెంట్ ఇక ముగియదు, అసలు డిప్ అందులోనే కలిసిపోతుంది.

డిప్ నామినల్‌లో 90 శాతం, హిస్టెరిసిస్ (ముగింపుకు అదనంగా దాటాల్సిన తేడా) 2 శాతం. అంటే ఏ ఒక్క ఫేజ్ 216 కిందికి పోయినా మొదలు, మూడు ఫేజులూ 220.8 దాటితేనే ముగింపు. వేవ్‌ఫామ్ ట్రిగ్గర్‌కు ముందు 10 సైకిళ్లు, తర్వాత 50 చాలు.

మోటర్_పరకాల: మిల్లుల 90 పెడితే చెత్తంత పడ్తది అన్నా. డీవోఎల్ (నేరుగా లైన్ మీదనే స్టార్ట్ అయ్యే) మోటర్ స్టార్టింగ్‌ల 6, 7 రెట్ల కరెంట్ గుంజుతది, కేబుల్ పొడుగుంటే ప్రతి స్టార్ట్ ఒక డిప్పే. మెమరీ నిండితే ఆగాల్నా, పాతది చెరిపి రాయాల్నా అనే సెట్టింగ్ ముందు చూడుండ్రి. ఆగేటట్టుంటే పొద్దటి స్టార్టింగులతోనే నిండిపోతది, రాత్రి డిప్ పోయినట్టే. కరెంట్ ట్రిగ్గర్ బంద్ పెట్టుండ్రి. నేనైతే డిప్ 85 పెడ్త.

రిలే_హన్మకొండ: 85 నాకు నచ్చదు. మొదటి షిఫ్ట్ 90తో నడిపి, పడ్డవి చూసి తగ్గించండి. కరెంట్ ట్రిగ్గర్ వద్దు సరే, కరెంట్ వేవ్‌ఫామ్ రికార్డింగ్ మాత్రం ఉండాల్సిందే.

జమ్మికుంట_ప్యానెల్: తప్పు మిల్లుల ఉన్నదా, లైన్ల ఉన్నదా ఎట్ల తెలుస్తది?

రిలే_హన్మకొండ: దానికే కరెంట్. వోల్టేజ్ పడుతుంటే కరెంట్ బాగా ఎగిరితే కారణం కరెంట్ క్లాంపుల (కేబుల్ చుట్టూ పట్టే సెన్సర్ల) నుంచి లోడ్ వైపు. కరెంట్ కూడా పడితే సప్లై వైపు. గాలివానకు అదే సబ్‌స్టేషన్ నుంచి పోయే వేరే 11 కేవీ ఫీడర్ మీద కొమ్మ పడితే, ఆ బ్రేకర్ తెగేదాకా మీ దగ్గర డిప్ ఉంటుంది. ఒక్క మెలిక: మొదటి రెండు మూడు సైకిళ్లు నడుస్తున్న మోటర్లే ఫాల్ట్‌కు కరెంట్ ఎదురిస్తాయి. ఆ ముక్క వదిలి తర్వాతిది చూడండి.

మోటర్_పరకాల: వోల్టేజ్ లీడ్లు మెయిన్ ప్యానెల్ల కాదు, డ్రైవ్ ఇన్‌కమింగ్ టెర్మినల్ల పెట్టుండ్రి, సప్లై బంద్ చేసినంకనే. నడుమ స్విచ్ ఫ్యూజ్ కాంటాక్ట్ కాలి ఉంటే మెయిన్ల అసలు కనబడది. క్లాంప్ బాణం లోడ్ దిక్కు. డ్రైవ్ గడియారం, అనలైజర్ గడియారం రెండూ ఫోన్ చూసి కలుపుండ్రి, లేకుంటే ఏ ట్రిప్ ఏ డిప్పుదో తేలది. అక్కడ్నుంచి వచ్చేముందు పెద్ద బ్లోయర్ స్టార్ట్ చేసి చూడుండ్రి. ఈవెంట్ పడకుంటే డిప్ 97 పెట్టి మల్ల స్టార్ట్ చెయ్యుండ్రి. పడ్డంక 90కి తెచ్చుడు మర్వొద్దు.