చారలు కదులుతున్నా జీబ్రాఫిష్ పిల్లలు వెంట ఈదట్లేదు, హెల్ప్ చేయండి

నీటిబొట్టు:
పొద్దున్నుంచీ దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. డిష్ కింద నుంచి చారలు కదిలిస్తే లార్వాలు చారలు పోయే వైపే ఈదాలి కదా, అదే ఆప్టోమోటార్ రెస్పాన్స్, మావేమో అంచుకి పోయి అక్కడే ఆగిపోతున్నాయి. ప్రొజెక్టర్ బానే ఉంది, కెమెరా బానే ఉంది, కోడ్ మా సీనియర్‌ది, ఆయనకి పనిచేసిందంట. మెదడులో చూపు చూసుకునే భాగం, అదే టెక్టమ్, సరిగ్గా పెరగలేదేమో అని డౌట్, అదెలా చెక్ చేయాలి? శుక్రవారం ల్యాబ్ మీటింగ్‌లో చూపించాలి, ప్లీజ్.

తూనీగ:
ఎన్ని రోజుల పిల్లలు? చారల రంగేంటి?

పాతకెమెరా:
ముందు టెక్టమ్ మాట వదిలేయండి. కంటి నుంచి వచ్చే నరాల తీగలు పది చోట్ల ఆగుతాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దది టెక్టమ్, అందుకే ఏం తేడా వచ్చినా అందరూ దాన్నే అనుమానిస్తారు. 2003లోనే లేజర్‌తో టెక్టమ్ తీసేసి చూశారు, అయినా పిల్లలు చారల వెంట ఈదాయి. ఏ కంటికి కదలిక ఎటు కనిపిస్తోందో, రెండు కళ్ళదీ కలిపి లెక్కగట్టేది టెక్టమ్‌కి ముందుండే ప్రీటెక్టమ్, అక్కడి నుంచి కబురు వెనక మెదడుకీ వెన్నుకీ పోతుంది. టెక్టమ్ పాడైతే దెబ్బతినేది వేట, అవి తినే పారమీసియం అనే సూక్ష్మజీవుల్ని పట్టుకోలేవు. ఈ తేడా పట్టుకోకపోతే మీటింగ్‌లో మొదటి ప్రశ్నకే ఆగిపోతారు.

ఉప్పుటేరు:
నీళ్ళల్లో పీటీయూ అనే మందు వేస్తున్నారా? నల్లరంగు రాకుండా అందరూ అలవాటుగా వేసేస్తారు గానీ అది థైరాయిడ్ హార్మోన్‌ని కూడా ఆపుతుంది, కళ్ళు చిన్నవవుతాయి. చూపు మీద పనిచేసేవాళ్ళు దాని జోలికి పోకూడదని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. నాకర్ చేపలు పెట్టుకోండి, ఒంటి మీద నల్లమచ్చలుండవు, కంట్లో రంగు మాత్రం ఉంటుంది. ఇంకోటి, బెంగళూరు ఏసీ రూముల్లో డిష్ నీళ్ళు ఇట్టే చల్లబడతాయి, వీటికి 28.5 డిగ్రీలు కావాలి, థర్మామీటర్ పెట్టి చూడండి.

నీటిబొట్టు:
పీటీయూ లేదండి, నాకర్‌లే. ఆరు రోజులవి. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. చారలు నీలం, నలుపు. ఎరుపు పెడితే కెమెరాలోకి ఆ వెలుగు కూడా వచ్చేస్తోంది, ట్రాకింగ్ పోతోంది, అందుకని నీలం పెట్టా.

తూనీగ:
అదే. ఎరుపుకి మార్చు.

పాతకెమెరా:
అవును, వీటి కంట్లో రంగుల్ని పసిగట్టే కణాలు, అంటే కోన్‌లు, నాలుగు రకాలు ఉన్నా ఈ రెస్పాన్స్‌ని నడిపేది ఎక్కువగా ఎరుపు, ఆకుపచ్చ కోన్‌లే. అతినీలలోహిత కోన్ వేటకి పనికొస్తుంది. స్పీడ్ కూడా చూసుకోండి, ఒక ఫ్రేమ్‌కి చార సగం పీరియడ్ (పీరియడ్ అంటే ఒక రంగు చార, ఒక నల్ల చార కలిపిన వెడల్పు) దాటి జరిగితే సినిమాలో బండి చక్రంలా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. సెంటీమీటర్ వెడల్పు పీరియడ్, సెకనుకి సెంటీమీటర్ వేగంతో మొదలుపెట్టండి.

చింతచిగురు:
ఉత్త రిఫ్లెక్స్‌కి ఇంత కథ ఎందుకు?

పాతకెమెరా:
ఉత్త రిఫ్లెక్స్ అనకండి. చారల బదులు చుక్కలు పెట్టి, కొన్ని మాత్రమే ఒకవైపు జరిగేలా చేస్తే, ఈ పిల్లలు కొన్ని సెకన్లు చూసి ఆధారం పోగేసుకుని అప్పుడు తిరుగుతాయి. నాలుగు మిల్లీమీటర్ల ప్రాణి, లక్ష న్యూరాన్లు!

చింతచిగురు:
లేటుగా వచ్చినా రిఫ్లెక్సే కదా. లోపలి స్థితిని బట్టి మారితే ఒప్పుకుంటా.

ఉప్పుటేరు:
వేటలో మారుతుందిగా. ఆకలి మీదుంటే చిన్న చుక్క వెంటపడతాయి, కడుపు నిండితే అదే చుక్క నుంచి తప్పుకుంటాయి.

చింతచిగురు:
అది వేట. ఇక్కడ మాట చారల గురించి.

నీటిబొట్టు:
ఎరుపు పెట్టా, చాలావరకు వెంట పోతున్నాయి, థాంక్స్ అండీ. కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ మాత్రమే వదిలే ఫిల్టర్ కావాలి ఇప్పుడు, ఎస్పీ రోడ్డులో దొరుకుతుందా?