హాఫ్ నార్మల్ ప్లాట్‌లో నడుమ నిలిచిన ఐదో చుక్క: ఉంచాలా, వదలాలా?

గుళిక_విశాఖ
అందరికీ నమస్కారం. మాత్రల తయారీలో నాలుగు ఫాక్టర్లతో 16 రన్‌ల ప్రయోగం పూర్తిచేశాం. ఫాక్టర్లు ఇవి: బైండర్ శాతం, గ్రాన్యులేషన్‌కు పోసే నీరు, మెగ్నీషియం స్టియరేట్ (మాత్ర అచ్చుకు అంటుకోకుండా వేసే పొడి) కలిపే సమయం, కంప్రెషన్ ఫోర్స్. కొలిచింది 30 నిమిషాల్లో కరిగిన మందు శాతం. రెప్లికేషన్ లేదు, అంటే ఏ రన్‌నూ రెండోసారి చేయలేదు, అంత ముడిమందు మాకు ఇవ్వలేదు. ఫాక్టర్‌ను తక్కువ స్థాయి నుంచి ఎక్కువకు మారిస్తే ఫలితం ఎంత మారిందో అదే ఎఫెక్టు. అలాంటి 15 ఎఫెక్టులను ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి హాఫ్ నార్మల్ ప్లాట్‌లో చుక్కలుగా పెట్టాం. ఉత్త యాదృచ్ఛిక తేడాలైతే చుక్కలు ఒక గీత మీద పడతాయి, నిజమైన ఎఫెక్టులు గీతకు దూరంగా పడతాయి. ప్లాట్‌లో కలిపే సమయం, ఫోర్స్, ఆ రెండింటి ఇంటరాక్షన్ (ఒకదాని ఎఫెక్టు రెండోదాని స్థాయిని బట్టి మారడం), నీరు గీతకు బాగా దూరంగా ఉన్నాయి. పది చుక్కలు గీత మీదే ఉన్నాయి. బైండర్ మాత్రం అటూ ఇటూ కాకుండా నడుమ నిలిచింది. గీత ఎక్కడ గీయాలి? బైండర్‌ను మోడల్‌లో ఉంచాలా? సెంటర్ పాయింట్లు, అంటే ఫాక్టర్లన్నీ నడిమి స్థాయిలో ఉండే రన్‌లు, ఇప్పుడు కలపవచ్చా? పైఅధికారులు పి విలువ (ఇంత తేడా యాదృచ్ఛికంగానే వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె) అడుగుతున్నారు.

పాత_లెక్కలు
గీత సున్నా దగ్గర మొదలై చిన్న చుక్కల గుండా సాగాలి. మొత్తం 15 చుక్కల మీదుగా గీస్తే పెద్దవి దాన్ని తమవైపు లాక్కుంటాయి, అప్పుడు ఏదీ దూరంగా కనిపించదు. ఈ పనిలోనే తల నెరిసినవాణ్ని, కంటిచూపుతో చెప్పగలను. మీకు కంటి మీద నమ్మకం లేకపోతే ఏ ఎఫెక్టు నిజమో లెక్కతో తేల్చడానికి గణాంక శాస్త్రవేత్త లెంత్ 1989లో ఇచ్చిన పద్ధతి ఉంది. పాఠ్యపుస్తకాల్లో అందరూ చూసిన వడపోత రేటు ఉదాహరణే తీసుకోండి. అక్కడా 15 ఎఫెక్టులే. గుర్తులు తీసేస్తే మధ్యగతం 2.625. దాన్ని 1.5తో గుణిస్తే 3.94. అందుకు రెండున్నర రెట్లు, అంటే 9.84 దాటినవాటిని పక్కన పెట్టి, మిగిలినవాటి మధ్యగతం 1.75ను మళ్లీ 1.5తో గుణిస్తే 2.625 వస్తుంది. 15లో మూడో వంతు, అంటే 5 డిగ్రీల ఫ్రీడమ్‌కు (అంచనా వెనుక ఎంత స్వతంత్ర సమాచారం ఉందో చెప్పే అంకె) పట్టికలో టి విలువ 2.571. ఆ రెంటినీ గుణిస్తే హద్దు 6.75, అది దాటిన ఎఫెక్టును నిజమైనదిగా తీసుకుంటాం. ఇంతే పని, కాగితం మీద అయిపోతుంది.

కుడి_ఎడమ
ఆ ఉదాహరణలో గాఢత అనే ఫాక్టర్ ఎఫెక్టు 9.875. అది 9.84ను వెంట్రుకవాసిలో దాటింది. 6.75 హద్దు దాటుతుంది కానీ, 15 ఎఫెక్టులనూ ఒకేసారి పరీక్షించే 13.7 హద్దు దాటదు. అంటే లెంత్ పద్ధతిలోనూ నడుమ చుక్క నడుమనే ఉంది. అసలు గుర్తులు ఎందుకు పారేస్తున్నారు? గుర్తులు అలాగే ఉంచి నిండు నార్మల్ ప్లాట్ గీస్తే ఏది పెంచుతోందో ఏది తగ్గిస్తోందో ఒక్క చూపులో తెలుస్తుంది. గణాంక శాస్త్రవేత్త డేనియల్ 1959లో హాఫ్ నార్మల్ ప్లాట్‌ను పరిచయం చేసి, 1976 నాటికి తానే గుర్తులున్న ప్లాట్ వైపు మొగ్గారు.

పాత_లెక్కలు
9.875 ఆ 9.84ను దాటకపోయినా హద్దు 7.23 అవుతుంది, తీర్పు మారదు. లెక్క వేసి చూసి మాట్లాడండి. ఇక గుర్తు సంగతి. ఫోర్స్ తక్కువ స్థాయిని మైనస్ అనడం మన ఇష్టం. ప్లస్ అంటే ఫోర్స్ ఎఫెక్టుకూ, దాని ఇంటరాక్షన్లు అన్నింటికీ గుర్తు తిరగబడుతుంది. ప్రయోగం మారలేదు, డేటా మారలేదు, మీ నిండు ప్లాట్ మాత్రం రూపం మార్చుకుంటుంది. మనం పెట్టిన పేరును బట్టి మారే బొమ్మతో నిర్ణయం తీసుకోమంటారా?

బట్టీ_సెగ
గుళిక గారూ, ఒక్క ప్రశ్న. 16 రన్‌లకూ గ్రాన్యూల్స్ విడివిడిగా తయారు చేశారా?

రంగులద్దకం
కుడి_ఎడమ గారి మాటే నాది. మా అద్దకంలో రంగు గాఢత ప్రయోగం చేసినప్పుడు హాఫ్ నార్మల్‌లో అంతా సవ్యంగా కనిపించింది. నిండు ప్లాట్ గీస్తే చిన్న చుక్కలు రెండు సమాంతర గీతలుగా చీలి, సున్నా దగ్గర ఖాళీ వదిలాయి. అలా ఉందంటే ఒక రీడింగ్ చెడిందని అర్థం. 16 రన్‌లలో ఒక్క విలువ 8 యూనిట్లు తప్పుగా పడితే 15 ఎఫెక్టులూ తలా 1 చొప్పున పైకో కిందికో జరుగుతాయి. ఏ ఎఫెక్టు ఎటు జరిగిందో చూస్తే ఏ రన్ చెడిందో కూడా దొరుకుతుంది. నేను అలాగే పట్టుకున్నాను. రిజిస్టరు తీయిస్తే ఆ రోజు సోడా తూకం వేసిన పేజీలో అంకె కొట్టేసి మళ్లీ రాసి ఉంది. ప్లాట్ చూసి తూకం పట్టుకున్నందుకు మా షిఫ్ట్ అంతా ఆశ్చర్యపోయింది.

పాత_లెక్కలు
హాఫ్ నార్మల్‌లోనూ ఆ జాడ ఉంటుంది. చిన్న చుక్కల వరుస సున్నాకు చేరకుండా ముందే ఆగిపోతుంది. చూసే కన్ను ఉండాలి.

కుడి_ఎడమ
చూసే కన్ను, చూసే కన్ను! కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ కన్ను ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు స్పష్టంగా కనిపించే బొమ్మ ఇవ్వాలి.

విత్తనం
మా వ్యవసాయ పరిశోధనలో రెప్లికేషన్ లేని ప్రయోగం అంటే గుమ్మం దాటనివ్వరు. మడి మడికీ నేల మారుతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో యేట్స్ 1937లో ఫాక్టోరియల్ (ఫాక్టర్లన్నింటినీ కలిపి మార్చే) ప్రయోగాల లెక్కలకు దారి వేసినప్పటి నుంచీ మాకు అదే అలవాటు. అన్నట్టు, అన్ని కలయికలూ కాక కొన్నే చేసే ఫ్రాక్షనల్ డిజైన్ల వెనుక ఉన్న ఆర్థోగనల్ అమరికల సిద్ధాంతాన్ని 1947లో ఇచ్చింది మన సి.ఆర్.రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. విశాఖవాళ్లు గర్వంగా చెప్పుకోవాలి.

నాణ్యత_విభాగం
రావు గారికి నమస్కారం. కానీ పి విలువ ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. మా దగ్గర జరిగేది ఇది: చిన్నగా ఉన్న పది ఎఫెక్టులనూ ఏరి, కలిపి, వాటినే ఎర్రర్ (యాదృచ్ఛిక తేడా) అంటారు. ఆ తరువాత వచ్చిన పి విలువలను నివేదికలో నాలుగు దశాంశాలతో అచ్చు వేస్తారు. చిన్నవి కాబట్టే వాటిని ఏరారు. ఆ ఎర్రర్ ఉండాల్సినదానికన్నా చిన్నదే అవుతుంది, పి విలువలు ఉండాల్సినదానికన్నా బాగా కనిపిస్తాయి. ఆ అంకెల మీద సంతకం పెట్టమంటే నాకు ఒళ్లు మండుతుంది.

బట్టీ_సెగ
నా ప్రశ్నకు జవాబు రాలేదు. గుర్తుల గొడవ ఆపి ఇది వినండి. మా టైల్స్ పనిలో బట్టీ ఉష్ణోగ్రతను ప్రతి రన్‌కూ మార్చలేం. ఒకసారి వేడెక్కించి, నాలుగు రకాల గ్లేజు టైల్స్‌ను ఒకేసారి పెడతాం. ఉష్ణోగ్రత ఎఫెక్టు ప్లాట్‌లో ఎప్పుడూ దూరంగా కనిపించేది. సలహాదారు ఒకాయన దాన్ని పట్టుకుని ఉష్ణోగ్రత నియంత్రణకు పెద్ద ఖర్చు పెట్టించాడు, నాణ్యతలో తేడా రాలేదు. అది ఉష్ణోగ్రత ఎఫెక్టు కాదు, ఒక కాల్పుకూ ఇంకో కాల్పుకూ సహజంగా ఉండే తేడా. గ్రాన్యులేషన్‌లోనూ ఇదే జరుగుతుందని నా అనుమానం.

గుళిక_విశాఖ
బట్టీ గారూ, గ్రాన్యూల్స్ నాలుగు లాట్లే చేశాం. బైండర్, నీరు కలయికకు ఒక్కో లాటు. ఒక్కో లాటును నాలుగు భాగాలు చేసి, వాటిమీద స్టియరేట్ సమయాన్నీ ఫోర్స్‌నూ మార్చాం. మా గ్రాన్యులేటర్ సామర్థ్యానికి అదే కుదురుతుంది.

బట్టీ_సెగ
అయితే మీ 15 చుక్కలు ఒక కుటుంబం కావు. బైండర్, నీరు, ఆ రెండింటి ఇంటరాక్షన్, ఈ మూడింటిలో లాటుకూ లాటుకూ ఉన్న తేడా కలిసిపోయి ఉంది. మిగతా 12 ఎఫెక్టుల్లో ఆ తేడా లేదు, ఎందుకంటే వాటిని ప్రతి లాటు లోపలే పోల్చారు. రెండు రకాల చుక్కలను ఒకే గీతతో కొలిస్తే లాటు చుక్కలు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి. 12 చుక్కలకు వేరే ప్లాట్ గీయండి. బైండర్ సంగతి సరే, మీరు ఖాయం అనుకున్న నీరు కూడా తేలని విషయమే.

పాత_లెక్కలు
ఇది మొదటే చెప్పాల్సింది గుళిక గారూ. స్ప్లిట్ ప్లాట్ (కొన్ని ఫాక్టర్లను లాటుకొకసారే మార్చే ప్రయోగం) అని తెలిసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మిగిలిన మూడు చుక్కలతో ఏ గీతా నిలవదు, లెంత్ లెక్క కూడా పనికిరాదు. లాట్లను మళ్లీ చేయాల్సిందే.

గుళిక_విశాఖ
12 చుక్కల ప్లాట్ గీశాను. సమయం, ఫోర్స్, వాటి ఇంటరాక్షన్ ముందుకన్నా స్పష్టంగా బయటికి వచ్చాయి. ఎక్కువసేపు కలిపితే స్టియరేట్ గ్రాన్యూల్ మీద పొరలా పరుచుకుని నీటిని అంటనివ్వదు. ఆ పైన గట్టిగా నొక్కితే కరగడం ఇంకా మందగిస్తుంది. కాబట్టి ఆ ఇంటరాక్షన్ నమ్మదగ్గదే. బైండర్, నీరు కోసం అవే నాలుగు కలయికలను కొత్త లాట్లతో ఇంకోసారి చేయడానికి ముడిమందు అడిగాను.

కుడి_ఎడమ
ఆ 12 చుక్కలను గుర్తులతో కూడా గీసి ఇక్కడ పెట్టండి. లాటు లోపల చెడిన రీడింగ్ ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది.

కొత్త_కెమిస్ట్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు మూడు ఫాక్టర్లు, 8 రన్‌లు. ప్లాట్‌లో ఏడే చుక్కలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రెండింటిని నిజమైనవంటూ ఎర్రగా చూపిస్తోంది. నమ్మవచ్చా?

నాణ్యత_విభాగం
ఏడు చుక్కల్లో రెండో మూడో నిజమైనవైతే గీతకు మిగిలేవి నాలుగైదు. దాని మీద నిర్ణయం తీసుకోకండి. మూడు ఫాక్టర్లే కాబట్టి ఆ 8 రన్‌లనూ యాదృచ్ఛిక వరుసలో ఇంకోసారి చేయండి. అప్పుడు ఎర్రర్‌కు 8 డిగ్రీల ఫ్రీడమ్ వస్తుంది, మామూలు అనోవా (ఎఫెక్టులను ఎర్రర్‌తో పోల్చి చూసే లెక్క) సరిపోతుంది. ప్రతి రన్‌కూ మిశ్రమం కొత్తగా తయారు చేయండి, పాతది పంచుకోవద్దు.