మియాపూర్‌లో 24 వేల అద్దెలోనే ఉండాలా, 80 లక్షల ఫ్లాట్ కొనాలా?

ప్రశ్న: డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, రీసేల్. చేతిలో 20 లక్షలున్నాయి. 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో లోన్ ఇస్తామంటున్నారు. కొనేయమంటారా?

జవాబు 1: ముందు ఆ 20 లక్షలు చాలవండి. 80 లక్షలకి బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 64 లక్షలు. మిగతా 16 మీవి. రిజిస్ట్రేషన్‌కి తెలంగాణలో 7.5 శాతం, ఇంకో 6 లక్షలు. దాన్ని లోన్‌లో కలపరు. ఈఎంఐ దాదాపు 55,500. మొదటి నెలలో అందులో 45,300 వడ్డీకే పోతుంది. ఐదేళ్లలో 33 లక్షలు కట్టినా అసలు తగ్గేది 7.6 లక్షలే. నాలుగైదేళ్లలో ఊరు మారే ఉద్యోగమైతే అద్దే నయం.

జవాబు 2: పదేళ్లకు పైగా అక్కడే ఉంటారంటే నేను కొనమనే అంటాను. అద్దె ఏటా పెరుగుతుంది, ఈఎంఐ పెద్దగా పెరగదు. కొత్త పన్ను విధానంలో ఉంటే మాత్రం, మీరే ఉండే ఇంటి లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

జవాబు 3: అడ్వాన్స్ ఇచ్చేముందు ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయండి. బిల్డర్లు అనుమతి కోసం 10 శాతం విస్తీర్ణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ఓసీ (కట్టిన భవనంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చాకే విడుదలవుతుంది. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో తప్పకుండా చూడండి. అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్‌గా, అంటే వాళ్ల ఆదాయపు పన్ను కింద, కోసి ప్రభుత్వానికి మీరే కట్టాలి, మరిస్తే నోటీసు మీకే వస్తుంది.