‘మినిస్టర్ టు లక్సెంబర్గ్’ను ‘లక్సెంబర్గ్ మంత్రి’ అనవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికా నుంచి లక్సెంబర్గ్‌కు వెళ్లిన రాయబారుల చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ పెర్ల్ మెస్టా అనే ఆమెను ‘మినిస్టర్ టు లక్సెంబర్గ్’గా నియమించారని మూలంలో ఉంది. ‘లక్సెంబర్గ్ మంత్రి’ అంటే ఆ దేశపు మంత్రివర్గంలో చేరినట్టు ధ్వనిస్తోంది. అన్నిచోట్లా ‘రాయబారి’ అనేస్తే సరిపోతుందా? పూర్తి హోదా ‘ఎన్వాయ్ ఎక్స్‌ట్రార్డినరీ అండ్ మినిస్టర్ ప్లెనిపొటెన్షియరీ’ అట. దానికి తెలుగులో ఏం రాయాలి?

జవాబు

మీ సందేహం న్యాయమైనదండి. ‘మంత్రి’ పూర్తిగా తప్పు. మన భాషలో మంత్రి అంటే రాజు పక్కన కూర్చుని ఆలోచన చెప్పేవాడు. ఇక్కడి మినిస్టర్ పరదేశానికి పంపబడినవాడు. ‘రాయబారి’ మామూలు సందర్భాల్లో తప్పేమీ కాదు. కానీ మీరు తెలుగు చేస్తున్న ఈ చరిత్రలో మాత్రం ఆ ఒక్క మాట అసలు కథనే మింగేస్తుంది. ఎందుకంటే లక్సెంబర్గ్‌లో అమెరికా దూతల చరిత్ర చాలావరకు వాళ్ల అంతస్తుల చరిత్రే.

పాత యూరప్‌లో ఎవరి దూత ముందు నడవాలన్నది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 1661లో లండన్‌లో ఒక ఊరేగింపులో ఎవరి బండి ముందుండాలన్న దాని మీద స్పెయిన్, ఫ్రాన్స్ రాయబారుల పరివారాలు వీధిలోనే తలపడ్డాయి, మనుషులు చనిపోయారు. ఇలాంటి గొడవలకు స్వస్తి చెప్పడానికే 1815లో వియన్నాలో యూరప్ ప్రధాన రాజ్యాలు కలిసి దూతలకు తరగతులు ఏర్పరచాయి. అందరికంటే పైన అంబాసిడర్. ఆయన తర్వాత ఎన్వాయ్ లేదా మినిస్టర్. వాళ్ల కింద షార్జే దఫేర్. మొదటి రెండు తరగతులవాళ్లు తమ అధికార పత్రాలను దేశాధినేతకు సమర్పిస్తారు, షార్జే దఫేర్ విదేశాంగ మంత్రికి ఇస్తాడు. 1961 నాటి వియన్నా ఒప్పందం కూడా దాదాపు ఈ వరుసనే నిలిపింది. ఒకే తరగతిలో ఎవరు ముందంటే, ఆ రాజధానిలో ముందుగా పదవి చేపట్టినవాళ్లు. దేశం పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నే ఉండదు. నాకు ఈ ఏర్పాటు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

అంబాసిడర్ హోదా చాలాకాలం పెద్ద రాజ్యాల మధ్యనే చెలామణి అయింది. అమెరికా అయితే 1893 వరకు ఆ హోదాతో ఎవరినీ ఎక్కడికీ పంపలేదు, లండన్‌కు కూడా మినిస్టర్లే వెళ్లేవారు. చిన్న దేశాలకు ఆ తర్వాత కూడా మినిస్టరే. అంబాసిడర్ ఉండే కార్యాలయం ఎంబసీ, మినిస్టర్ ఉండేది లెగేషన్.

ఇప్పుడు లక్సెంబర్గ్ సంగతి. 1890 వరకు నెదర్లాండ్స్ రాజే దానికీ గ్రాండ్ డ్యూక్, అంటే ఆ దేశపు ఏలిక. ఆ ఏడాది రాజు చనిపోయాక సింహాసనాలు వేరుపడ్డాయి. 1903లో అమెరికా మొదటిసారి దూతను పంపినప్పుడు కూడా కొత్త మనిషిని వెతకలేదు. ది హేగ్‌లో మినిస్టర్‌గా ఉన్న స్టాన్‌ఫర్డ్ న్యూయెల్‌కే లక్సెంబర్గ్ కూడా అప్పగించింది. 1920ల్లో ఆ బాధ్యత ది హేగ్ నుంచి బ్రస్సెల్స్‌కు మారింది. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బెల్జియంలోని అమెరికా లెగేషన్ 1919లోనే ఎంబసీ అయింది. అందువల్ల 1938లో వచ్చిన జోసెఫ్ డేవిస్ బ్రస్సెల్స్‌లో అంబాసిడర్, లక్సెంబర్గ్‌లో మినిస్టర్. మనిషి ఒక్కడే, హోదాలు రెండు. మీరు రెండింటికీ ‘రాయబారి’ అని రాస్తే ఈ తేడా పాఠకుడికి కనబడే దారే ఉండదు.

1940 మే 10న జర్మన్ సైన్యం లక్సెంబర్గ్‌లోకి దిగింది. గ్రాండ్ డచెస్ షార్లెట్, ఆమె ప్రభుత్వం దేశం విడిచి వెళ్లిపోయారు. లక్సెంబర్గ్ పేరు మీద ఉన్న అమెరికా మినిస్టర్ అప్పుడు బ్రస్సెల్స్‌లో ఉన్నాడు. నగరంలో ఉన్నది జార్జ్ ప్లాట్ వాలర్ అనే షార్జే దఫేర్. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు కాబట్టి ఆయన ఆక్రమణ కింద కూడా అక్కడే నిలిచాడు. దేశం దాటి పోవాలని తపించిన శరణార్థులకు చేతనైనంత సాయం చేశాడు. 1941లో జర్మన్లు పంపేసేదాకా కదలలేదు. వియన్నా వరుసలో అందరికంటే కింద మెట్టు మీద ఉన్న మనిషి, ఆ కష్టకాలంలో నగరంలో అమెరికాకు ముఖంగా నిలిచాడు. ఆయనను మీ వ్యాసంలో ‘రాయబారి’ అని రాస్తే గౌరవం పెంచినట్టు కాదు, ఆయన చేసిన పని బరువు తగ్గించినట్టు.

ఆ తర్వాతి అధ్యాయం మరీ విచిత్రం. ప్రవాసంలో ఉన్న లక్సెంబర్గ్ ప్రభుత్వం కొంత లండన్‌లో, కొంత కెనడాలోని మాంట్రియల్‌లో ఉండేది. అందుకని కెనడాలో అమెరికా మినిస్టర్‌గా ఉన్న జే పియర్‌పాంట్ మొఫట్‌నే లక్సెంబర్గ్‌కు కూడా మినిస్టర్‌ను చేశారు. సొంత నేల శత్రువు చేతిలో ఉన్నా రాజ్యం ఉన్నట్టేనని చెప్పడానికి ఒక దూత హోదా సరిపోయింది. ఈ ఘట్టం రాసేటప్పుడు కాస్త నిదానించండి, దాటేయవద్దు.

1949లో పెర్ల్ మెస్టా వచ్చారు. పక్క దేశపు బాధ్యతతో కలపకుండా, లక్సెంబర్గ్‌కు అని విడిగా నియమించిన మొదటి మినిస్టర్ ఆమె. మరి మొదటి అంబాసిడర్? 1953లో మినిస్టర్‌గా వచ్చిన వైలీ బుకానన్. 1955లో లెగేషన్‌ను ఎంబసీగా పెంచినప్పుడు ఆయన హోదా కూడా పెరిగింది. మెస్టాను ‘లక్సెంబర్గ్‌కు మొదటి రాయబారి’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంగ్లీషులోనే ఆ పొరపాటు కనిపిస్తుంది. తెలుగులో మనం దాన్ని స్థిరపరచవద్దు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో స్త్రీల విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. 1933లో రూత్ బ్రయన్ ఓవెన్ డెన్మార్క్‌కు వెళ్లారు, మినిస్టర్ హోదాలో. 1937లో ఫ్లోరెన్స్ హారిమన్ నార్వేకు, ఆమె కూడా మినిస్టరే. 1949 వేసవిలో మెస్టా, మినిస్టర్. అదే ఏడాది కొన్ని నెలల తర్వాత డెన్మార్క్‌కు వెళ్లిన యూజీనీ ఆండర్సన్ అంబాసిడర్. అమెరికా తరఫున ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమె. నలుగురినీ ‘రాయబారి’ అంటే, 1933లోనే రాయబారి అయిన మహిళ ఉండగా 1949లో మరొకరు మొదటివారు ఎలా అయ్యారని పాఠకుడు అడుగుతాడు. అడగాలి కూడా.

నా సూచన ఇది: అంబాసిడర్‌కు ‘రాయబారి’, మినిస్టర్‌కు ‘దూత’, షార్జే దఫేర్‌కు ‘తాత్కాలిక దౌత్యాధికారి’. వ్యాసం మొదట్లోనే ఒక వాక్యంలో ఈ వరుస చెప్పేయండి. లెగేషన్‌ను లెగేషన్ అనే ఉంచండి. దానికి మాట పుట్టించి మళ్లీ ఆ మాటకు వివరణ రాయడం వృథా శ్రమ.

పూర్తి హోదా విషయానికి వస్తే, ‘ఎక్స్‌ట్రార్డినరీ’ని ‘అసాధారణ’ అని రాయకండి. ‘అసాధారణ దూత’ అంటే మన చెవికి ఆ మనిషి ప్రతిభను మెచ్చుకున్నట్టు వినిపిస్తుంది. ఒకప్పుడు ఒక రాజధానిలో స్థిరంగా ఉండే దూత వేరు, ప్రత్యేక పని మీద వెళ్లే దూత వేరు. రెండోవాడికి మర్యాద ఎక్కువ. ఆ మర్యాద కోసం అందరూ ‘ఎక్స్‌ట్రార్డినరీ’ తగిలించుకోగా చివరికి ఆ విశేషణంలో అర్థం మిగలలేదు. తెలుగులో వదిలేస్తే నష్టం లేదు. ‘పూర్ణాధికార దూత’ చాలు.

ఒక సభ్యుడి వ్యాఖ్య

కొత్త మాటలు ఎందుకండీ? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మూడు రకాల దూతలు ఉన్నారు కదా. నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు. అంబాసిడర్, మినిస్టర్, షార్జే దఫేర్‌లకు ఇవి అచ్చంగా సరిపోతాయి.

జవాబు

మంచి మాట గుర్తు చేశారు. కానీ అచ్చంగా సరిపోవు. కౌటిల్యుడి విభజన అధికారాన్ని బట్టి. కార్యమంతా అప్పగించబడి, తన బుద్ధితో మాట్లాడి ముగించుకు రాగలవాడు నిసృష్టార్థుడు. ఇంతవరకే అని గీత గీసి పంపితే పరిమితార్థుడు. చెప్పినది చెప్పి, ఇచ్చిన లేఖ అందించి వచ్చేవాడు శాసనహరుడు. వియన్నా విభజన మర్యాదను బట్టి. సంధి మాట్లాడే అధికారం దగ్గర అంబాసిడర్‌కు, మినిస్టర్‌కు తేడా లేదు. ఇద్దరూ ‘ప్లెనిపొటెన్షియరీ’లే, అంటే కౌటిల్యుడి లెక్కలో ఇద్దరూ నిసృష్టార్థులే. మినిస్టర్‌ను పరిమితార్థుడంటే లేని కొరత అంటగట్టినట్టు అవుతుంది.

మన భారతం ఎత్తుకుంటే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ఉద్యోగపర్వంలో సంజయుడూ వస్తాడు, కృష్ణుడూ వెళ్తాడు. రెండింటినీ మనం రాయబారమనే అంటాం. సంజయుడు ధృతరాష్ట్రుడి మాటలు మోసుకొచ్చి, పాండవుల మాటలు మోసుకుపోతాడు. కృష్ణుడు సభలో ఏం మాట్లాడాలో కృష్ణుడే నిర్ణయించుకుంటాడు. ‘ప్లెనిపొటెన్షియరీ’కి ‘నిసృష్టార్థ’ చక్కని సమానార్థకమని నేనూ ఒప్పుకుంటాను. సాధారణ పాఠకుడికి రాసే వ్యాసంలో మాత్రం ‘పూర్ణాధికార’ సులువుగా అందుతుంది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య

పత్రికల్లో ‘ప్రత్యేక దూత’ అని ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లేవాళ్లకు రాస్తున్నారు. మినిస్టర్‌కు ‘దూత’ అంటే దానితో కలిసిపోదా? ఇంకొకటి. బెల్జియంలో ఉంటూ లక్సెంబర్గ్ కూడా చూసుకునేవాళ్లకు ఏమనాలి? ‘ఇన్‌ఛార్జి రాయబారి’ అనవచ్చా?

జవాబు

కలవదనుకుంటానండి. ‘ప్రత్యేక’ అన్న విశేషణమే వాళ్లను వేరుచేస్తోంది. ‘లక్సెంబర్గ్‌కు దూతగా’ అని దేశం పేరుతో కలిపి రాస్తే గందరగోళం ఉండదు.

‘ఇన్‌ఛార్జి’ మాత్రం వద్దు. మన కార్యాలయాల భాషలో ఇన్‌ఛార్జి అంటే అసలు అధికారి వచ్చేదాకా కుర్చీ కాపాడేవాడు. అలాంటి అర్థానికి దగ్గరగా ఉండేది షార్జే దఫేరే. రెండు దేశాలకు ఒకే రాయబారి ఉండటం తాత్కాలిక సర్దుబాటు కాదు, స్థిరమైన ఏర్పాటు. మన దేశం సంగతే చూడండి. బ్రస్సెల్స్‌లోని భారత రాయబారే బెల్జియం, లక్సెంబర్గ్, యూరోపియన్ యూనియన్ మూడింటికీ రాయబారి. మీ వ్యాసంలోని వాళ్లకు ‘బ్రస్సెల్స్‌లో ఉంటూ లక్సెంబర్గ్‌కు కూడా దూతగా వ్యవహరించారు’ అని వాక్యంగా విప్పి రాస్తే హాయిగా ఉంటుంది. ప్రతి ఇంగ్లీషు పదబంధానికీ తెలుగులో ఒక సమాసం కట్టాలన్న నియమం లేదు.

మరో సభ్యురాలి వ్యాఖ్య

మహిళలకు ‘రాయబారిణి’ అనే రూపం వాడుకలో ఉందా? మెస్టా గురించే కదా ‘కాల్ మీ మేడమ్’ అని బ్రాడ్‌వే నాటకం వచ్చింది?

జవాబు

అవును, 1950లో. అందులో నాయిక వెళ్లే దేశం పేరు కల్పితం. మూలం మెస్టాయేనని అందరికీ తెలుసు. మహిళ ఆ పదవిలో ఉంటే ఎలా సంబోధించాలన్నది అప్పట్లో నిజంగానే పెద్ద ప్రశ్న. ‘మేడమ్ మినిస్టర్’ అన్న పిలుపు కొత్తగా వినిపించింది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ‘రాయబారి’, ‘దూత’ రెండూ ఆడవాళ్లకూ మగవాళ్లకూ చెల్లుతాయి. ‘గారు’ కూడా అంతే. ‘రాయబారిణి’ నాకు నచ్చదు. పదవికి లేని లింగాన్ని మనిషిని చూసి అంటించడం ఎందుకు?

స్త్రీల ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీ వ్యాసంలో ప్యాట్రీషియా రాబర్ట్స్ హారిస్‌కు చోటు తగ్గించకండని అనువాదకుడికి నా మనవి. 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఆమెను లక్సెంబర్గ్‌కు పంపారు. అమెరికా తరఫున రాయబారి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఈ అడ్డుగోడను కూల్చడానికి తనను ఎంచుకున్నందుకు గర్వంగా ఉందని, ‘మొదటి’ అనిపించుకోవడంలో కొంచెం విచారం కూడా ఉందని, ఇంతకుముందు తమవాళ్లను ఎవరూ పరిగణించలేదని అది చెబుతోందని ఆమె అన్నారు. ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘గర్వం’, ‘విచారం’ రెండూ సమానంగా నిలవాలి. ఒకదాన్ని తగ్గిస్తే ఆమె మాట కాకుండా పోతుంది.

ప్రశ్న వేసిన సభ్యుడి వ్యాఖ్య

చాలా ధన్యవాదాలండి. ఇంకొక్కటి. 1970ల్లో రూత్ ఫార్కస్ గురించి మూలంలో ‘పదవిని కొనుక్కున్నారు’ అన్న అర్థం వచ్చేలా ఉంది. అలాగే రాయవచ్చా? జాన్ డొలిబోయిస్‌ను ‘స్థానికుడు’ అనవచ్చా?

జవాబు

‘కొనుక్కున్నారు’ అనకండి, అది తీర్పు. జరిగినదే రాయండి. 1972 ఎన్నికల్లో నిక్సన్ ప్రచారానికి ఆ కుటుంబం నుంచి 3 లక్షల డాలర్ల విరాళం వెళ్లింది, 1973లో ఆమె లక్సెంబర్గ్‌కు రాయబారి అయ్యారు, నిక్సన్‌ను చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో దాని మీద విచారణలు సాగాయి. రాయబారి నియామకాల్లో ఎన్నికల విరాళాలు లెక్కలోకి రాకూడదని 1980 నాటి విదేశీ సేవల చట్టంలో రాసుకున్నారు. ఇవి చెబితే పాఠకుడికి తనంతట తానే బోధపడుతుంది.

డొలిబోయిస్‌కు ‘స్థానికుడు’ చాలా చిన్న మాట. ఆయన 1918లో లక్సెంబర్గ్‌లో పుట్టి, 1931లో అమెరికాకు వలస వెళ్లాడు. 1945లో అమెరికా సైనికాధికారిగా తిరిగి వచ్చాడు. లక్సెంబర్గ్‌లోనే మోండోర్ఫ్ అనే స్నానవాటికల ఊళ్లో ఒక హోటల్‌ను చెరసాలగా మార్చి గోరింగ్ వంటి నాజీ పెద్దలను ఉంచితే, వాళ్లను ప్రశ్నించినవాళ్లలో ఆయన ఒకడు. 1981లో రీగన్ ఆయననే రాయబారిగా పంపారు. ‘పుట్టిన గడ్డకే పరదేశపు రాయబారిగా వచ్చాడు’ అని రాయండి. తెలుగులో అది నిండుగా ఉంటుంది.

చివరగా సభ్యులందరికీ ఒక అభ్యర్థన. విజయలక్ష్మీ పండిట్ 1947లో మాస్కోకు, 1949లో వాషింగ్టన్‌కు భారత రాయబారిగా వెళ్లారు. ఆ రెండు సంవత్సరాల తెలుగు పత్రికల పాత సంచికలు అందుబాటులో ఉన్నవాళ్లు ఆ వార్తల్లో ‘రాయబారి’ అని రాశారా, ‘దూత’ అన్నారా, మరేదైనా మాట వాడారా చూసి ఇక్కడ పెట్టగలరా? తేదీతో సహా ఇస్తే అనువాదకుడికీ నాకూ పని జరుగుతుంది.