చిన్న ఎయిర్‌పోర్టు విస్తరణ: ఊరివాళ్లను ఏ దశలో పిలవాలి, ఏం చూపించాలి?

ప్రశ్న (కమిటీ సభ్యుడు):
ఒకటే రన్‌వే, 1,150 మీటర్లు. పైలట్ కంటితో చూసి దిగే రకం, కోడ్ నంబరు (వచ్చే విమానాలకు కావలసిన పొడవును బట్టి రన్‌వేకి ఇచ్చే తరగతి) 2. ఇంకో 300 మీటర్లు పొడిగించి కాస్త పెద్ద టర్బోప్రాప్‌లను (ప్రొపెల్లర్‌తో నడిచే టర్బైన్ విమానాలను) రప్పించాలని ప్రతిపాదన. కొత్త టెర్మినల్, పార్కింగ్ కూడా అందులోనే ఉన్నాయి. డ్రాయింగులు పూర్తయ్యాక బహిరంగ సభ పెడదామని కన్సల్టెంటు అంటున్నారు. అది సరైన సమయమేనా? జనం ముందు ఏం పెట్టాలి?

జవాబు (మాస్టర్ ప్లాన్):
అప్పటికి చాలా ఆలస్యమవుతుంది. డ్రాయింగు ఖాయమయ్యాక ఎవరేం చెప్పినా "పరిశీలిస్తాం" అనడం తప్ప మీ చేతిలో ఏమీ మిగలదు. ప్రస్తుత పరిస్థితి, రాబోయే విమానాల అంచనా తయారవగానే, గీత గీయకముందే మొదటి సభ పెట్టండి. రెండోది రెండు మూడు ప్రత్యామ్నాయాలు బల్ల మీద ఉన్నప్పుడు. వాటిలో "ఉన్నది ఉన్నట్టే ఉంచితే" అనేది కూడా తప్పకుండా ఉండాలి.

మొదటి సభలో మాట్లాడటం తగ్గించి అడగండి. గోడకు పెద్ద మ్యాపు తగిలించి పెన్నులు ఇవ్వండి. వాన నీళ్లు ఎటు పారతాయి, ఏ నెలలో ఏ చెరువు మీద పక్షులు వాలతాయి, కంచె దగ్గర పశువులు ఎక్కడ దాటుతాయి అన్నవి కొద్ది వారాల సర్వేకి దొరకవు. చెత్త డంపులు ఎక్కడున్నాయో కూడా గుర్తు పెట్టించండి. పక్షుల ముప్పుకు ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) మార్గదర్శకాలు 13 కిలోమీటర్ల వలయాన్ని చూడమంటాయి. కొత్తగా తవ్వే వాననీటి గుంట 48 గంటల్లో ఖాళీ అయిపోవాలన్నది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సూచన. నీళ్లు నిలిస్తే కొంగలు చేరతాయి.

వచ్చిన ప్రతి సూచనకూ పట్టికలో ఒక వరుస ఉంచండి: ఏమన్నారు, ఏ షీటు మారింది, మారకపోతే ఎందుకు. రెండో సభకు వారం ముందే అది జనానికి చేరాలి.

జవాబు (ఏరోడ్రోమ్ డిజైన్):
300 మీటర్లు అన్నది అక్కడితో ఆగదు. ఇది ముందే చెప్పకపోతే భూమి విషయంలో నమ్మకం పోతుంది. కోడ్ నంబరు రన్‌వే అసలు పొడవుతో రాదు, వచ్చే విమానానికి కావలసిన రిఫరెన్స్ పొడవుతో (ప్రామాణిక పరిస్థితుల్లో పూర్తి బరువుతో లేవడానికి పట్టే పొడవుతో) వస్తుంది. అది 1,200 మీటర్లకు చేరితే కోడ్ 3. అప్పుడు రెండు చివరలా 60 మీటర్ల స్ట్రిప్ (రన్‌వే చుట్టూ చదును చేసి ఉంచే నేల), దాని తర్వాత కనీసం 90 మీటర్ల రెసా (విమానం రన్‌వే దాటిపోయినా ప్రమాదం తగ్గించే ఖాళీ స్థలం) ఉండాలి. పొడిగించని చివర కూడా భూమి కావలసి రావచ్చు.

చెట్ల లెక్క ఇంకా గట్టిది. దిగే విమానం దారిలో ఏదీ దాటకూడని ఎత్తు హద్దును అప్రోచ్ వాలు అంటారు. అది కోడ్ 2లో 4 శాతం, కోడ్ 3లో 3.33. రెండూ థ్రెషోల్డుకు (విమానం దిగడానికి వాడే రన్‌వే భాగం మొదలయ్యే చోటు) 60 మీటర్ల అవతల మొదలవుతాయి. నేల సమంగా ఉందనుకుంటే, పాత థ్రెషోల్డుకు 660 మీటర్ల దూరంలోని చెట్టు ఇప్పుడు 24 మీటర్ల వరకు పెరగొచ్చు. థ్రెషోల్డు 300 మీటర్లు ముందుకొస్తే అదే చెట్టుకు హద్దు 10 మీటర్లే. ఏ చెట్టు, ఏ ఇల్లు, ఏ స్తంభం హద్దు దాటుతుందో సర్వే నంబర్లతో సభలో చూపించండి.

కమిటీ సభ్యుడు:
ల్యాండింగ్ థ్రెషోల్డును ఇప్పుడున్న చోటే ఉంచి, కొత్త భాగాన్ని టేకాఫ్‌కి మాత్రమే వాడితే చెట్లు మిగలవా?

జవాబు (ఏరోడ్రోమ్ డిజైన్):
ల్యాండింగ్ సమస్య చాలావరకు తీరుతుంది, టేకాఫ్‌ది మిగిలిపోతుంది. చెట్ల వైపు లేచే విమానానికి కోడ్ 3లో టేకాఫ్ క్లైంబ్ వాలు (లేచే దారిలో ఏదీ దాటకూడని ఎత్తు హద్దు) 2 శాతం. క్లియర్‌వే (రన్‌వే చివర తర్వాత విమానం పైకెక్కడానికి అడ్డులేకుండా ఉంచే స్థలం) లేకపోతే అదే చెట్టుకు హద్దు 6 మీటర్లకు దిగుతుంది. ఆ దిశలో టేకాఫ్‌కి ప్రకటించే పొడవు తగ్గిస్తే చెట్లు నిలుస్తాయి, కానీ ఎక్కించగలిగే బరువు తగ్గుతుంది. ఆ బరువుతో ఆ విమానం నడపడం ఎయిర్‌లైన్‌కి గిట్టుబాటవుతుందో లేదో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి. కాకపోతే పొడిగింపుకే అర్థం లేదు.

జవాబు (శబ్ద అధ్యయనం):
మోత దగ్గరే సభలు చెడతాయి. కన్సల్టెంట్లు మ్యాపు మీద చూపించే శబ్ద గీతలు ఏడాది సగటువి. విమానాల సంఖ్య రెట్టింపైనా ఆ సగటు 3 డెసిబెల్సే పెరుగుతుంది. దాన్ని చూపించి "పెద్ద తేడా ఉండదు" అంటే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఇంట్లో ఉన్నవాళ్లకు సగటు వినపడదు, ఒక్కో విమానం వినపడుతుంది. కాబట్టి ఒక్కో వాడలో 70 డెసిబెల్స్ దాటే చప్పుడు రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఇప్పటి సంఖ్య, రాబోయే సంఖ్య పక్కపక్కన రాయండి. రద్దీ రోజుకు విడిగా, రాత్రికి విడిగా. ఎఫ్‌ఏఏ వాడే డీఎన్‌ఎల్ (పగలు-రాత్రి సగటు శబ్దం) లెక్కలో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు ప్రతి విమానానికి 10 డెసిబెల్స్ కలుపుతారు, అంటే ఒక రాత్రి విమానం పది పగటి విమానాలతో సమానం. రాత్రి వేళల మీద ఎయిర్‌పోర్టు ఏ మాట ఇవ్వగలదో సభకు ముందే తేల్చుకోండి. శిక్షణ విమానాలు ఉంటే వాటి చుట్ల దారి కూడా మ్యాపులో గీయాలి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఫిర్యాదులు ఎక్కువగా వాటి మీదే వస్తాయి.

జవాబు (మాస్టర్ ప్లాన్):
ఇంకొకటి. టెర్మినల్, పార్కింగ్ దశలను సంవత్సరాలకు కట్టకండి. "రద్దీ గంటలో ఇంతమంది ప్రయాణికులు దాటితే రెండో దశ" అని రాయండి. అంచనా తప్పినా ఖాళీ భవనం మిగలదు. ఆ సంఖ్యను ఏటా ప్రకటిస్తే ఊరివాళ్లే చూసుకోగలరు.