ఒక్క గుర్రానికి ఇంట్లో వాడే, బొచ్చు కత్తిరించే క్లిప్పర్: 15 వేల లోపు ఏది కొనాలి?

ప్రశ్న (మొయినాబాద్‌_రైడర్):
రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి గెల్డింగ్ (వృషణాలు తీసేసిన మగ గుర్రం), 14 ఏళ్లు. డిసెంబరుకల్లా బొచ్చు దట్టంగా వచ్చేస్తుంది. పొద్దున గంట స్వారీ చేస్తే మెడ, రొమ్ము, పొట్ట కింద చెమట ఎంతసేపటికీ ఆరదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కత్తిరిస్తే చాలు. గొర్రెల బొచ్చు తీసే మిషన్లు ‘గుర్రాలకు కూడా’ అని చవగ్గా అమ్ముతున్నారు, పనికొస్తాయా? నవంబరులో అక్క అమెరికా నుంచి వస్తోంది. ఆండిస్ ఏజీసీ లాంటి క్లిప్పర్ అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు (లాయం_పని):
గొర్రెల మిషన్ జోలికి వెళ్లకండి. దాని దువ్వెనకు 9 లేదా 13 పళ్లే ఉంటాయి, సందులు వెడల్పు. ఉన్ని కోసం చేసిన ఆ సందుల్లోకి గుర్రం పలుచటి చర్మం, ముఖ్యంగా మోచేతి వెనక, డొక్క దగ్గరి మడతలు, దూరి తెగుతాయి. గుర్రాలకు తిన్నటి, దగ్గర పళ్ల బ్లేడు కావాలి.

అమెరికాలో కొనే ప్లగ్ మిషన్ 120 వోల్టులది. మన 230లో పెడితే మోటారు కాలిపోతుంది. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. కాబట్టి మిషన్ ఇక్కడే 230 వోల్టులది కొని, అక్కగారితో బ్లేడ్లు తెప్పించుకోండి. ఏ5 రకం (విప్పి తగిలించే) బ్లేడ్లు ఆండిస్, ఆస్టర్, వాల్ కంపెనీల ఏ5 మిషన్లన్నిటికీ పడతాయి. చేతి సంచిలో కాకుండా చెకిన్ లగేజీలో పెట్టమనండి.

జవాబు (క్లిప్_టెక్):
ఒక్క గుర్రానికి, అదీ సగం క్లిప్‌కు, ఏ5 బ్లేడు పట్టే రోటరీ మోటారు మిషన్ సరిపోతుంది. ఒళ్లంతా గీయాలంటే ఇరుకు బ్లేడుతో చాలాసేపు పడుతుంది, మోటారు కూడా వేడెక్కుతుంది. అప్పుడు వెడల్పు బ్లేడు, బ్లేడ్ల బిగింపు సరిచేసే టెన్షన్ మర ఉన్న పెద్ద మిషన్ కావాలి. మీకు అది అక్కర్లేదు.

బ్లేడు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. టీ-84 వెడల్పుగా ఉంటుంది, 2.4 మిల్లీమీటర్ల బొచ్చు వదులుతుంది, ఒంటికి అదే. ముఖానికి నంబర్ 10, అది 1.5 వదులుతుంది. నంబర్ 40 ఆపరేషన్ ముందు వాడేది, ఎంత పొట్టిగా గీస్తుందో తెలియక అది కొనకండి. ఇంకా బ్లేడు డ్రైవ్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి అదనంగా ఉంచుకోండి. అది అరిగితే పై బ్లేడు పూర్తిగా కదలదు, బొచ్చులో గీతలు పడతాయి. జనం అది చూసి బ్లేడే మొద్దుబారిందనుకుంటారు.

సెకండ్‌హ్యాండ్ అయితే ఆన్ చేసి ఐదు నిమిషాలు వదిలేయండి. మండిన వాసన, వేగం తగ్గడం కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అయిపోయి ఉండొచ్చు. అవి మార్చుకోదగ్గవే, ధర తగ్గించమని అడగండి.

జవాబు (లాయం_పని):
బ్లేడు త్వరగా పాడయ్యేది మురికి వల్లే. ముందు రోజు షాంపూతో కడిగి బాగా ఆరనివ్వండి. తడి బొచ్చు, దుమ్ము ఉన్న బొచ్చు మిషన్‌ను ఆపేస్తాయి. మిషన్ ఆన్‌లో ఉండగానే బ్లేడును లోపలికి నొక్కి తగిలిస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఐదు పది నిమిషాలకోసారి బొచ్చు దులిపి, పళ్ల మీద, పక్కల రెండు మూడు చుక్కల క్లిప్పర్ నూనె వేయండి. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకట్టి జిగురవుతుంది. బ్లేడును మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. మీకు వేడి అనిపిస్తే గుర్రానికీ అంతే, బ్లేడు మార్చండి. సానకు పై, కింద బ్లేడ్లు రెండూ జతగానే ఇవ్వాలి.

గీసేటప్పుడు బొచ్చు వాలుకు ఎదురుగా, ప్రతి వరుసా ముందు వరుసను కాస్త కలుపుకుంటూ వెళ్లండి. మోచేతి దగ్గర ముందుకాలు ముందుకు లాగి పట్టుకోమని గుర్రాన్ని చూసుకునే సైస్‌కు చెప్పండి, మడత సాగుతుంది. మీసాలు, కళ్ల చుట్టూ ఉండే స్పర్శ వెంట్రుకలు ముట్టుకోవద్దు. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య) పోటీల్లో 2021 జులై 1 నుంచి వాటిని కత్తిరించడమే నిషేధం.

ప్లగ్ పాయింటుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ముందు చూడండి. నేల పొడిగా ఉండాలి, తీగ గుర్రం కాళ్ల కింద పడకూడదు.

మొయినాబాద్‌_రైడర్:
సగం క్లిప్ అంటే ఎక్కడెక్కడ తీయాలండి?

క్లిప్_టెక్:
గొంతు కింద నుంచి రొమ్ము, పొట్ట, తొడల పైదాకా ఒక పట్టీ. వీపు, కాళ్లు వదిలేయండి. జీను కింద బొచ్చు రాపిడి ఆపుతుంది. తడి సుద్దతో రెండు వైపులా గీత గీసి, ముందు నిలబడి సమానంగా ఉందో చూసుకున్నాకే మొదలుపెట్టండి. డిసెంబరులోనే చేయండి, ఫిబ్రవరి వైపు జరిపితే కొత్తగా వచ్చే వేసవి బొచ్చు తెగుతుంది. రాత్రి చలికి రగ్గు కప్పాలి.

ఇంకొకటి: వేసవిలో కూడా ఆ బొచ్చు రాలకపోతే క్లిప్పర్ కొనే ముందు పశువైద్యుడికి చూపించండి. వయసు మీద పడుతున్న గుర్రాల్లో పిట్యూటరీ జబ్బు, పీపీఐడీ, అలాగే కనిపిస్తుంది. రక్త పరీక్షతో తెలుస్తుంది.