వైటూకే: తప్పిన గండమా, అమ్ముకున్న భయమా?

నల్లరేగడి
1999 డిసెంబరు 31 రాత్రి ప్రోగ్రామర్లు ప్రపంచాన్ని కాపాడారని ఒకాయన గంటసేపు చెప్పిన వీడియో చూశాను. ఇంకా ఎన్నాళ్లు ఈ భజన?

అప్పటికి పుట్టనివాళ్ల కోసం, వైటూకే అంటే ‘ఇయర్ 2000’ సమస్య: పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. 1972 అంటే 72. 2000 వస్తే అది 00 అవుతుంది, యంత్రం 1900 అనుకుంటుంది, దాంతో విమానాలు రాలిపోతాయి, లిఫ్టులు ఆగిపోతాయి, బ్యాంకుల్లో డబ్బు మాయమవుతుంది అన్నారు. అమెరికా ఒక్కటే సుమారు పదివేల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిందని వాళ్ల వాణిజ్య శాఖే లెక్కగట్టింది. ఇటలీ చాలా ఆలస్యంగా మేలుకుంది, చాలా తక్కువ ఖర్చుపెట్టింది. తెల్లారేసరికి అమెరికాలోనూ దీపాలు వెలిగాయి, ఇటలీలోనూ వెలిగాయి. మరి ఆ పదివేల కోట్లు దేనికి? సూటిగా జవాబు చెప్పండి.

పాతయంత్రం
సూటిగానే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నేను అప్పట్లో హైదరాబాదులో కూర్చుని ఒక అమెరికా బ్యాంకు ప్రోగ్రాములు సరిచేసినవాణ్ని.

విమానాలు రాలిపోవడం పత్రికలవాళ్ల ఊహ. మేం భయపడింది దానికి కాదు. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో వయసు లెక్క ఇలా ఉండేది: ఈ ఏడాది రెండంకెల్లోంచి పుట్టిన ఏడాది రెండంకెలు తీసేయడం. 1999లో, 1935లో పుట్టినాయనకు 99 లోంచి 35 తీస్తే 64. బాగుంది. 2000లో 00 లోంచి 35 తీస్తే మైనస్ 35. కానీ ఆ వయసు పెట్టే గడిని ‘పిక్ 99’ అని, అంటే రెండంకెలకే, రాసి ఉంటారు. అందులో గుర్తుకు చోటు లేదు. మైనస్ రాలిపోయి 35 మిగులుతుంది. ప్రోగ్రాము ఆగదు, తప్పు జరిగిందని చెప్పదు. 65 ఏళ్ల పింఛనుదారును 35 ఏళ్ల వాడిగా రాసేసుకుని తరువాతి మనిషి దగ్గరికి వెళ్లిపోతుంది. ఇంకా తమాషా ఏమిటంటే, 1950లో పుట్టినవాడికి 50 అని సరైన జవాబే వస్తుంది! పరీక్షకు పొరపాటున అలాంటి మనిషిని ఎంచుకుంటే అంతా సవ్యంగా ఉందనుకుని సంతకం పెట్టేస్తారు.

ఇలాంటి వాక్యం ఏ ప్రోగ్రాములో ఏ మూల ఉందో ఎవరికీ తెలియదు. రాసినవాళ్లు కొందరు రిటైరయ్యారు, కొందరు పోయారు. తేదీ గడికి ‘డేట్’ అనే పేరే పెట్టాలని లేదు కదా. ఒక ప్రోగ్రాములో దాని పేరు ‘ఎక్స్2’. మరో దానిలో ప్రోగ్రామరు తన కూతురి పేరు పెట్టుకున్నాడు. వాటిని లక్షల వరసల్లో వెతికి పట్టుకోవడమే మా పని. అది జరిగింది కాబట్టే మీకు ఏమీ జరగనట్టు కనిపిస్తోంది.

జావావాసి
అసలు రెండంకెలు పెట్టడమే బద్ధకం కాదా? నాలుగు రాస్తే ఏమి పోయేది?

పంచాంగం
2000తోనే కొత్త శతాబ్దం వచ్చిందనుకునేవారికి ఒక సవరణ. 21వ శతాబ్దం మొదలైంది 2001 జనవరి 1న. సున్నా సంవత్సరం లేదు కనుక.

పాతయంత్రం
జావావాసి గారూ, బద్ధకం కాదు. అప్పట్లో సమాచారం ఎక్కించే చిల్లుల కార్డు, పంచ్ కార్డులో ఉన్నవి 80 గళ్లు. పేరు, ఖాతా సంఖ్య, మొత్తం, అన్నీ అందులోనే ఇరికించాలి. 1959లో ఐబీఎం 1401 కంప్యూటర్ వచ్చినప్పుడు దాని అతి చిన్న నమూనాకు 1400 అక్షరాల మెమరీ ఉండేది. ఇప్పుడు మీరు రాసిన వ్యాఖ్యలాంటివి పాతిక పెడితే నిండిపోతుంది. పైగా తాము రాసింది నలభై ఏళ్లు బతుకుతుందని వాళ్లెవరూ అనుకోలేదు.

జావావాసి
1959 సంగతి సరే. 1985లో కూడా రెండంకెలే రాశారుగా? అప్పటికి మెమరీ చవకైంది. కంప్యూటర్ శాస్త్రవేత్త బాబ్ బీమర్ 1971లోనే హెచ్చరించాడు. వినలేదంటే బద్ధకమే.

పాతయంత్రం
పాత ఫైళ్లలో ఆరంకెల తేదీ ఉంటే కొత్త ప్రోగ్రాము ఎనిమిదంకెలు ఎలా చదువుతుంది? మొత్తం మార్చాలి. ఆ బడ్జెట్ ఏ మేనేజరు ఇస్తాడు?

జావావాసి
అంటే మేనేజరు బద్ధకం. బద్ధకం అన్న నా మాట నిలబడింది.

నల్లరేగడి
బద్ధకం గొడవ తరువాత చూసుకోండి. ఇటలీ గురించి అడిగాను. జవాబు లేదు.

రాత్రిబడి
నేను చెబుతాను. నేను టెస్టింగులో పనిచేశాను. బ్యాంకులకూ విమాన సంస్థలకూ సాఫ్ట్‌వేర్ అమ్మేవి కొన్ని పెద్ద సంస్థలే. వాళ్లు ఒకచోట సరిచేసిన కూర్పే అన్ని దేశాలకూ వెళ్లింది. ఇటలీ ఖర్చు తక్కువ కనిపించడానికి అదొక కారణం. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు ముందు వెళ్లినవాళ్లు దారి చేసిపెట్టారు. జనవరి 1 శనివారం కావడం కూడా కలిసొచ్చింది, సరిదిద్దుకోవడానికి రెండు రోజులు దొరికాయి.

ఇక ఏమీ జరగలేదు అన్నది నిజం కాదు. 1997లోనే మిషిగన్‌లో ఒక కూరగాయల దుకాణం తన బిల్లింగు యంత్రాల కంపెనీ మీద దావా వేసింది. 2000లో గడువు తీరే క్రెడిట్ కార్డు గీకితే చాలు, కౌంటర్లన్నీ స్తంభించేవి. జపాన్‌లో ఒనగావా అణు విద్యుత్ కేంద్రంలో అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకు అలారం మోగింది. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ, దేశానికి సమయం చెప్పే సంస్థ, తన వెబ్‌సైట్‌లో సంవత్సరాన్ని 19100 అని చూపించింది. న్యూయార్క్ రాష్ట్రంలో వీడియో క్యాసెట్ అద్దెకు తీసుకున్నాయనకు వందేళ్ల ఆలస్య రుసుము కింద 91,250 డాలర్ల బిల్లు వచ్చింది.

ఇవి నవ్వుకోవడానికి. నవ్వలేనిది ఒకటుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గర్భిణుల రక్తపరీక్షల ఫలితాలు లెక్కకట్టే కంప్యూటర్ 2000 మొదటి నెలల్లో తల్లుల వయసు తప్పుగా లెక్కించింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం వయసును బట్టి మారుతుంది. 154 మందికి ప్రమాదం తక్కువని తప్పుగా చెప్పారు. పాతయంత్రం గారు చెప్పిన ‘ఆగదు, చెప్పదు’ అన్నది ఇదే.

పంచాంగం
1900 జనవరి 1 సోమవారం, 2000 జనవరి 1 శనివారం. 00ని 1900 అనుకున్న యంత్రం సెలవురోజున పనిదినపు లెక్కలు మొదలుపెడుతుంది. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం (400తో భాగించబడుతుంది కనుక). ఫిబ్రవరి 29 రెండో గండం. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

నల్లరేగడి
షెఫీల్డ్ ఘోరమే, ఒప్పుకుంటాను. కానీ చూడండి, మీరు చెప్పినవన్నీ జరిగాక సరిచేసుకున్నవే. అమెరికాలో ఎన్నో చిన్న వ్యాపారాలు ఏమీ చేయకుండా కూర్చున్నాయి, పాడైతే అప్పుడు చూద్దామని. వాళ్లేమీ మునిగిపోలేదు. యంత్రాల్లోని చిప్పులన్నీ చచ్చిపోతాయని లక్షల గంటలు పరీక్షలు చేశారు. లిఫ్టుకు ఏ సంవత్సరమో తెలియాల్సిన పని ఏమిటి? భయం పెంచినకొద్దీ బిల్లు పెరిగింది.

పాతయంత్రం
చిప్పుల సంగతిలో మీరన్నది సరే, అక్కడ అతి జరిగింది. చిన్న దుకాణం పాడైతే యజమాని పుస్తకం తీసి చేత్తో రాసుకుంటాడు. రోజుకు కోట్ల లావాదేవీలు నడిపే బ్యాంకు ఏ పుస్తకంలో రాసుకుంటుంది? వడ్డీ లెక్క మూడు రోజులు తప్పు పడితే, ఆ తప్పు మీద మరో తప్పు పేరుకుంటుంది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. సాయంత్రం నాలుగున్నరకే టీవీలో న్యూజిలాండ్ బాణసంచా చూశాం. కరెంటు ఉంది. మన అర్ధరాత్రి దాటింది. మాకు అది లెక్క కాదు, మా బ్యాంకుకు అర్ధరాత్రి మన ఉదయం పదిన్నరకు. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. గోడకు అతికించిన కాగితంలో ఏ ప్రోగ్రాము తరువాత ఏది, ఏది ఆగితే ఎవరికి ఫోను చేయాలి, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి పూర్తయినకొద్దీ పక్కన టిక్కు పెట్టాం. రెండు చోట్ల ఆగింది, సరిచేశాం. బ్యాంకు ఖాతాదారు ఒక్కడికీ ఆ విషయం తెలియదు. తెలియకపోవడం వల్లే ఇరవై ఏళ్లు దాటినా మీలాంటివారు దొంగలని అంటున్నారు.

కొత్తగా_చేరాను
2020 జనవరి 1న న్యూయార్క్‌లో పార్కింగ్ మీటర్లు కార్డులు తీసుకోవడం మానేశాయి. అది కూడా వైటూకే పాపమే కదా? రెండంకెలు అలాగే ఉంచి, 20 లోపయితే 2000ల్లో, పైనయితే 1900ల్లో అని గిరి గీసి వదిలేశారని చదివాను.

రాత్రిబడి
కాదు. అలా గిరి గీసిన మాట నిజమే, దాన్ని విండోయింగ్ అనేవాళ్లం. కానీ ఆ మీటర్ల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ముగింపు తేదీ, దాన్ని పొడిగించడం మరిచిపోయారు.

జావావాసి
బద్ధకం.

నల్లరేగడి
ఖాతాదారుకు తెలియలేదు, సరే. అప్పుడు మనవాళ్లకు ఏమి తెలిసిందో నేను చెబుతాను.

1999 ఆగస్టులో అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం దగ్గర గోడ కనిపించకుండా బోర్డులు, కరెంటు స్తంభాలకు కూడా. ‘మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకోండి, అమెరికా వెళ్లండి.’ హెచ్-1బి వీసాల పరిమితి 65,000 నుంచి 1,15,000కు పెంచారు కదా, ఆ పేపరు కటింగు అతికించి మరీ చూపించేవాళ్లు. మా నాన్న అర ఎకరం అమ్మి ఫీజు కట్టారు. కోబాల్, జేసీఎల్, డీబీటూ, అన్నీ మెయిన్‌ఫ్రేమ్ అనే బ్యాంకుల పెద్ద కంప్యూటర్ల చదువే. కోర్సు అయ్యేసరికి డిసెంబరు. జనవరిలో కన్సల్టెన్సీకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆరు నెలలు తిరిగాక లేని అనుభవం రాయించి ఒక్కడిని పంపారు, మా గదిలోవాణ్ని. వాడు న్యూజెర్సీలో ప్రాజెక్టు దొరక్క, జీతం లేకుండా బెంచి మీద కూర్చుని తిరిగొచ్చాడు. మా పొలం ఇప్పుడు వేరేవాళ్లు దున్నుతున్నారు. కాపాడారట.

రాత్రిబడి
మీ బాధ అర్థమైంది. కానీ అది 2000 మార్చిలో అమెరికా స్టాక్ సూచీ నాస్‌డాక్ శిఖరం నుంచి పడిపోవడం వల్ల వచ్చిన కష్టం. ఇంటర్నెట్ కంపెనీల షేర్ల డాట్‌కామ్ బుడగ పేలి అన్ని ఉద్యోగాలూ పోయాయి. వైటూకే మీద వేయడం న్యాయం కాదు.

నల్లరేగడి
మార్చి కంటే ముందు జనవరి వస్తుంది.

రాత్రిబడి
నా సంగతీ వినండి. మూడేళ్లు గడియారాలు ముందుకు తిప్పి పరీక్షలు చేశాను, 1999 డిసెంబరు 31ని ఎన్నిసార్లు దాటించానో. 2001లో ఉద్యోగం మారదామని ఇంటర్వ్యూకు వెళితే నా కాగితం చూసి ‘ఓహో, వైటూకే బ్యాచా’ అని పక్కన పెట్టారు. గుమాస్తా పని చేసినట్టు. ఇప్పుడు మీరు దొంగ పని అంటున్నారు. ఎవరో ఒకరు పని అనండి చాలు.

నల్లరేగడి
మిమ్మల్ని ఏమీ అనలేదమ్మా. నేను అడుగుతున్నది పాతయంత్రం గారిని. పోయిన ఏడాది ఉపాధ్యాయుల గురించి జరిగిన చర్చలో మీరే రాశారు, ఆ రోజుల్లో సాయంత్రాలు అమీర్‌పేటలో కోబాల్ చెప్పేవాణ్నని. అవునా, కాదా?

పాతయంత్రం
అవును. దాచలేదే. ఆఫీసు జీతం చాలక చెప్పాను. అందులో తప్పేముంది తమ్ముడూ?

నల్లరేగడి
తమ్ముడూ అనకండి. పని జనవరి 1తో అయిపోతుందని ఆ గదిలో తెలిసిన మనిషి మీరొక్కరే. పగలు ఆఫీసులో గోడకు అతికించిన కాగితం మీద చివరి టిక్కు ఎప్పుడో మీకు తెలుసు. సాయంత్రం వచ్చి మాకు అదే పని నేర్పించారు.

పాతయంత్రం
ఇది అన్యాయం. తేదీ రహస్యం కాదు, పేరులోనే ఉంది! ఏడాది 2000 సమస్య అంటే 2000 తరువాత కూడా ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? పైగా కోబాల్ ఎక్కడికీ పోలేదు, నేటికీ బ్యాంకులు దాని మీదే నడుస్తున్నాయి. నా దగ్గర చదివినవాళ్లు కొందరు ఇప్పటికీ అదే చేస్తున్నారు.

నిర్వాహకుడు
రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఇంటి మనుషుల జోలికి వెళ్లవద్దు.

కొత్తగా_చేరాను
అయితే నల్లరేగడి గారూ, సమస్య నిజమే అంటారా ఇప్పుడు?

నల్లరేగడి
లెక్క తప్పుతుందన్నది నిజం. ఆయన 35 ఏళ్ల పింఛనుదారు కథ చెప్పినప్పుడే ఒప్పుకున్నట్టు అనుకోండి. గండం పేరు చెప్పి ఎవరు ఎవరికి ఏమి అమ్మారన్నదే నాకు కావాలి. న్యూయార్క్ బ్యాంకుకు సరుకు చేరింది, బాగుంది. ఆ సరుకుకు గడువు ఉందని వాళ్లకు ఒప్పందంలో రాసిచ్చారు. మాకు రాసివ్వలేదు. పేరులో ఉందట! పంతొమ్మిదేళ్ల పల్లెటూరి కుర్రాడు పేరు చూసి ఊహించుకోవాలా?

పాతయంత్రం
ఇన్‌స్టిట్యూట్ బోర్డులు నేను రాయించలేదు. ఫీజు నా చేతికి రాలేదు, గంటకింత అని ఇచ్చేవారు. క్లాసులో నేను చెప్పాను కూడా, జావా కూడా నేర్చుకోండి అని.

నల్లరేగడి
జావాకు ఫీజు వేరు.

పంచాంగం
తరువాతిది 2038 జనవరి 19, భారత కాలమానం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. యూనిక్స్ రకం కంప్యూటర్లలో సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం నిండిపోయి, ఆ తరువాత 1901కి వెళుతుంది. అమీర్‌పేటలో బోర్డులు పడ్డాయా?

పాతయంత్రం
నల్లరేగడి గారూ, మీది ఏ బ్యాచి? ఆరింటిదా, ఏడున్నరదా?

నల్లరేగడి
ఏడున్నర.

పాతయంత్రం
ఏడున్నర నాది కాదు. నాది ఆరు గంటల బ్యాచి.

నల్లరేగడి
సరే. ఆరింటివాళ్లకు ఏమి చెప్పారు?